ఆఫీసు జోన్ గీసే ముందు భవనం గురించి ఆలోచించండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెప్తాను. తేడా ఉంటే సరిదిద్దండి. మీరు ఒక మధ్యస్థాయి పట్టణంలో ప్రణాళికా విభాగంలో కొత్తగా చేరారు. పెద్ద నగరం రైల్లో రెండు గంటల దూరం. చదువుకున్న పిల్లలంతా అక్కడికి వెళ్లిపోతున్నారు. వచ్చే 20 ఏళ్లకు మాస్టర్ ప్లాన్ సవరించే పని ఇప్పుడు మీ బల్ల మీద ఉంది. పట్టణం అంచున ఒక పెద్ద స్థలాన్ని ఆఫీసులకే కేటాయించి, అక్కడ ఒక టవర్ కట్టిస్తే కంపెనీలు వాటంతట అవే వస్తాయని పైవాళ్లు అంటున్నారు. ఇంటి నుంచి పని, హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో పని) వచ్చాక ఇంత ఆఫీసు స్థలం ఎవరికి కావాలన్నది మీ అనుమానం. అనుమతుల నిబంధనలు సడలిస్తే ప్రాంతం ఎదుగుతుందా, సడలిస్తే వేటిని సడలించాలి అన్నది మీ అసలు ప్రశ్న.

ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి సగం అనుమతులు ఇచ్చే కుర్చీలో కూర్చున్నాను, తర్వాతి సగం ఖాళీ భవనాలను మళ్లీ వాడుకలోకి తెచ్చే పనిలో గడిచింది. ఈ రెండూ చూశాక నాకు నిలిచిన అభిప్రాయం ఇది: భవనం లోపల ఏం జరగాలో చెప్పే నిబంధనలను వదిలేయండి. భవనం ఎలా ఉండాలో చెప్పే నిబంధనలను గట్టిగా పట్టుకోండి. చాలా చోట్ల దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు. స్థలం ఆఫీసుకా, దుకాణానికా, ఇంటికా అని ఏళ్ల తరబడి కొట్లాడతారు. ఆ భవనంలో కిటికీ ఎంత దూరంలో ఉందో ఒక్కరూ అడగరు.

మీ పైవాళ్లు చెప్తున్న లాంటి జోన్‌కు నేనూ ఒకప్పుడు సిఫారసు రాశాను. పట్టణం బయట, హైవే పక్కన, ఆఫీసులు తప్ప ఇంకేదీ రాకూడదని షరతు పెట్టాం. ప్లాట్లు పెద్దవిగా ఉండాలన్నాం, ప్రతి భవనం చుట్టూ విశాలమైన పార్కింగ్ ఉండాలన్నాం. కాగితం మీద చూడముచ్చటగా ఉండేది. పదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే రెండు భవనాలు లేచాయి, ఒకటి సగం ఖాళీ. మధ్యాహ్నం భోజనానికి కూడా అందరూ కారు తీయాల్సిందే. సాయంత్రం ఆరు దాటితే మనిషి కనిపించడు. అదే సమయంలో పాత బజారు వీధిలో, మేం ఎన్నడూ ప్రణాళిక వేయని మేడ మీది గదుల్లో, చిన్న చిన్న సంస్థలు డజన్ల కొద్దీ వెలిశాయి. లెక్కల వాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు. వాటిలో సగానికి పైగా మా నిబంధనల ప్రకారం అక్రమ వినియోగమే. నోటీసులు ఇచ్చింది మా విభాగమే. ఆ నోటీసుల మీద నా సంతకం ఉంది కాబట్టే ఈ జవాబు ఇంత పొడవుగా రాస్తున్నాను.

ఇప్పుడు ప్రాంతీయ వృద్ధి సంగతి. ఆఫీసులు పెద్ద నగరంలో ఎందుకు గుమిగూడతాయో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే చెప్పాడు. ఆయన చూసింది ఫ్యాక్టరీలనే అయినా కారణాలు మారలేదు. నైపుణ్యం ఉన్న మనుషులు ఒకేచోట దొరుకుతారు, కావాల్సిన సరుకులూ సేవలూ పక్కనే ఉంటాయి, ఒకరి పని చూసి మరొకరు నేర్చుకుంటారు. ఈ మూడింటిలో భవనం ఎక్కడా లేదని గమనించండి. కంపెనీ నగరానికి వెళ్లేది అద్దం టవర్ కోసం కాదు, ఉద్యోగి మానేస్తే రెండు వారాల్లో ఇంకొకరు దొరుకుతారని. ఉద్యోగి వెళ్లేదీ అందుకే, ఈ కంపెనీ పోతే ఇంకోటి ఉంటుందని. మీ పట్టణంలో టవర్ కట్టినంత మాత్రాన ఈ భరోసా రాదు.

నగరంలో ఆపేస్తే పట్టణాలకు వస్తాయి కదా అనేవాళ్లు కూడా మీకు ఎదురవుతారు. దీన్ని బ్రిటన్ చాలా గట్టిగా ప్రయత్నించి చూసింది. 1963లో లండన్ నుంచి ఆఫీసులను బయటికి పంపడానికి సలహాలిచ్చే ఒక ప్రత్యేక సంస్థను పెట్టారు. 1964 నవంబరులో అప్పటి ఆర్థిక వ్యవహారాల మంత్రి జార్జ్ బ్రౌన్ లండన్‌లో కొత్త ఆఫీసు నిర్మాణాన్నే ఆపేశాడు. మరుసటి ఏడాది చట్టం తెచ్చి, ఆఫీసు కట్టాలంటే ప్రత్యేక పర్మిట్ ఉండాలన్నారు. 1979లో ఎత్తేసేదాకా ఏదో ఒక రూపంలో అది నడిచింది. కంపెనీలు కదిలిన మాట నిజమే, కానీ ఎక్కువ భాగం లండన్ చుట్టుపక్కల ఆగ్నేయ ప్రాంతం దాటలేదు. ఉద్యోగాలు నిజంగా అవసరమైన ఉత్తరాది పట్టణాల వాటాకు వచ్చింది తక్కువ. కొత్తవి రాకపోవడంతో లండన్‌లో అప్పటికే భవనాలున్న యజమానులకు మాత్రం అద్దెలు పెరిగాయి. ఒక చోట తలుపు మూస్తే మనిషి పక్క తలుపుకే వెళ్తాడు, నాలుగు ఊళ్లు దాటి రాడు.

పని చేసిన తరలింపులూ ఉన్నాయి. వాహనాల లైసెన్సుల కేంద్రం వేల్స్‌లోని స్వాన్సీలో 1970ల నాటికి స్థిరపడి నేటికీ అక్కడే ఉంది. బీబీసీ 2011 నుంచి కొన్ని విభాగాలను మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫోర్డ్‌కు మార్చింది. 2021లో బ్రిటన్ ఆర్థిక శాఖ ఉత్తర ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్‌లో ఒక కార్యాలయం పెడతామని ప్రకటించి, కొత్త భవనం కోసం ఆగకుండా ముందు ఊరి మధ్యలో ఉన్న భవనంలోనే పని మొదలుపెట్టింది. వీటిలో నాకు కనిపించే సామ్యం ఏమిటంటే, కదిలింది ఖాళీ గోడలు కాదు, జీతం తీసుకునే మనుషులు. ప్రభుత్వం తన సొంత పనిని పంపించింది. మీ రాష్ట్ర ప్రభుత్వం ఏదైనా శాఖను మీ పట్టణానికి పంపడానికి సిద్ధంగా ఉంటే ఆ అవకాశాన్ని వదలకండి. కానీ ఆ శాఖను పట్టణం అంచున పెట్టనివ్వకండి. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే చోట పెట్టించండి. అప్పుడే ఆ ఉద్యోగుల రాకపోకలు, ఖర్చు, పరిచయాలు ఊరికి అందుతాయి.

రవాణా గురించి ఒక హెచ్చరిక. రోడ్డో రైలో వేస్తే ప్రాంతం ఎదుగుతుందని అందరూ అనుకుంటారు. అది రెండు వైపులా నడుస్తుందని మర్చిపోతారు. జపాన్‌లో దీనికి స్ట్రా ఎఫెక్ట్ అని పేరే ఉంది, స్ట్రాతో పానీయం పీల్చినట్టు పెద్ద నగరం చిన్నదాన్ని పీల్చేయడం. 1998లో ఆకాషి కైక్యో వంతెన పూర్తయ్యాక షికోకు ద్వీపంలోని తోకుషిమా నుంచి కోబె, ఒసాకాలకు నేరుగా రోడ్డు మీద వెళ్లడం తేలికైంది. కొనుగోళ్లకు జనం అటు వెళ్లిపోవడం మొదలైంది. 2020లో తోకుషిమా ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటి పాలనా ప్రాంతం) మొత్తంలో మిగిలిన ఒకే ఒక్క డిపార్ట్‌మెంట్ స్టోర్ కూడా మూతపడింది. వంతెన ఒక్కటే కారణం అనను, కానీ వంతెన దాన్ని కాపాడలేదు కూడా.

విచిత్రంగా, ఇదే తోకుషిమాలో నాకు అత్యంత ఇష్టమైన ఉదాహరణ కూడా ఉంది. కమియామా అనే కొండ ఊరు. జనాభా సుమారు 5,000. అక్కడ పెద్ద పరిశ్రమ లేదు, టవర్ లేదు. 1999 నుంచి స్థానికులే కొందరు కలిసి ప్రతి ఏటా కళాకారులను పిలిచి, కొన్ని వారాలు ఊళ్లో ఉంచుకుని, వాళ్ల పనికి సాయం చేస్తూ వచ్చారు. షిన్యా ఓమినామి అనే ఆయన నడిపిన గ్రీన్ వ్యాలీ అనే సంస్థ దీని వెనక ఉంది. బయటివాళ్లతో కలిసి బతకడం ఊరికి అలా అలవాటైంది. ఈలోగా టీవీ ప్రసారాలు డిజిటల్‌కు మారబోతున్నాయని తోకుషిమా అంతటా ఫైబర్ కేబుల్ వేశారు. ఆ కేబుల్ వల్లే కొండల్లో కూడా ఇంటర్నెట్ వేగం నగరాన్ని మించింది. 2010లో విజిటింగ్ కార్డుల సాఫ్ట్‌వేర్ చేసే టోక్యో కంపెనీ సన్‌సన్ ఇక్కడ ఒక పాత ఇంట్లో శాటిలైట్ ఆఫీసు, అంటే ప్రధాన కార్యాలయానికి దూరంగా ఉండే చిన్న ఆఫీసు, తెరిచింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. పాడుబడ్డ ఒక కుట్టు ఫ్యాక్టరీని ఉమ్మడి ఆఫీసుగా మార్చారు. 2011లో, ఎన్నో దశాబ్దాల తర్వాత మొదటిసారి, ఊరు విడిచి వెళ్లినవాళ్ల కంటే వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు.

అక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. ఖాళీ ఇళ్లను ఎవరు పడితే వాళ్లకు ఇవ్వకుండా, ఊరికి ఏ పని అవసరమో ముందు నిర్ణయించుకునేవారు. బేకరీ కావాలంటే బేకరీ పని తెలిసిన మనిషిని వెతికి ఆ ఇల్లు ఇచ్చేవారు. అంటే ఆఫీసులో పనిచేసేవాడికి మధ్యాహ్నం ఎక్కడ తినాలి, పిల్లాడిని ఎక్కడ చదివించాలి అన్నది ముందే ఆలోచించారు. 2023లో సన్‌సన్ వ్యవస్థాపకుడి చొరవతో ఆ ఊళ్లోనే ఒక సాంకేతిక కళాశాల కూడా మొదలైంది. వృద్ధులు ఎక్కువ కాబట్టి కమియామా మొత్తం జనాభా తగ్గడం ఆగలేదు, దాన్ని దాచకూడదు. కానీ ఆఫీసు, ఇల్లు, బేకరీ, బడి ఒకే ఊరి అల్లికలో ఉండటం వల్లే ఇదంతా సాధ్యమైంది. ఆ పాత ఇంటిని ‘నివాస జోన్, ఇక్కడ ఆఫీసు కుదరదు’ అని ఎవరైనా అడ్డుకుని ఉంటే కథ మొదటి రోజే ముగిసేది.

దీంతో మనం జోనింగ్ దగ్గరికి, అంటే ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే నిబంధనల దగ్గరికి వచ్చాం. జపాన్‌లో భూ వినియోగ జోన్లను జాతీయ చట్టమే నిర్ణయిస్తుంది. 1992 సవరణతో అవి 12 అయ్యాయి, తర్వాత ఇంకొకటి చేరింది. ఏ మునిసిపాలిటీ అయినా వాటిలోంచే ఎంచుకోవాలి, తన సొంత రకాలు కనిపెట్టడానికి లేదు. ఆ జోన్ల స్వభావమే వేరు. ఒక జోన్‌లో ‘ఇది మాత్రమే’ అనరు, ‘ఇంతవరకు పర్వాలేదు’ అంటారు. అత్యంత ప్రశాంతమైన నివాస జోన్‌లో కూడా ఇంట్లో సగం కంటే తక్కువ భాగాన్ని, 50 చదరపు మీటర్లు మించకుండా, ఆఫీసుగానో దుకాణంగానో వాడుకోవచ్చు. నేను నోటీసులు ఇచ్చిన ఆ మేడ మీది గదులకు ఇలాంటి ఒక్క వాక్యం సరిపోయేది.

ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి దుకాణం, ఆఫీసు, రెస్టారెంటు, క్లినిక్, జిమ్, పిల్లల సంరక్షణ కేంద్రం, చిన్నపాటి పరిశ్రమ, వీటన్నిటినీ ‘క్లాస్ ఈ’ అనే ఒకే తరగతి కిందికి తెచ్చారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి అనుమతి అడగక్కర్లేదు. ఇది మంచి సంస్కరణ అని నా నమ్మకం. దుకాణం పోతే ఆఫీసు, ఆఫీసు పోతే క్లినిక్, తాళం పడకుండా వీధి బతుకుతుంది.

అయితే అదే దేశం దీనికి కొద్దికాలం ముందు చేసిన ఇంకో సడలింపు మీరు తప్పక చదవాల్సిన పాఠం. 2013లో ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చడానికి పూర్తి స్థాయి అనుమతి అక్కర్లేదన్నారు, 2016లో దాన్ని శాశ్వతం చేశారు. ఇళ్లు పెరిగాయి. కానీ నిబంధన వదిలేటప్పుడు వినియోగంతో పాటు నాణ్యతను కూడా వదిలేశారు. గది ఎంత ఉండాలో లేదు, వెలుతురు ఎలా రావాలో లేదు. 2020లో ప్రభుత్వమే లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులతో అధ్యయనం చేయిస్తే, ఇలా మారిన ఇళ్లలో 22 శాతం మాత్రమే జాతీయ విస్తీర్ణ ప్రమాణాన్ని అందుకున్నాయి. మామూలు అనుమతితో వచ్చిన మార్పిడి ఇళ్లలో అది 73 శాతం. ఆ తర్వాత దిద్దుకున్నారు. గదులకు సహజమైన వెలుతురు తప్పనిసరి చేశారు, 2021 ఏప్రిల్ నుంచి ఒక్కరు ఉండే ఇంటికి 37 చదరపు మీటర్ల కనీస ప్రమాణం పెట్టారు. ఏడెనిమిదేళ్ల పాటు అగ్గిపెట్టెల్లాంటి గదుల్లో పిల్లలతో బతికిన కుటుంబాలకు ఆ కాలం తిరిగి రాదు. సడలింపు అనగానే చప్పట్లు కొట్టేవాళ్లకు నేను ఆ 22, 73 అంకెలే చూపిస్తాను.

కాబట్టి ‘నిబంధనలు తగ్గించాలా, ఉంచాలా’ అనే ప్రశ్నే తప్పు. ఏ నిబంధన ఏ పని చేస్తోందో చూడాలి. పొరుగువాడికి నిజంగా హాని చేసేదాన్ని ఆపే నిబంధన ఉండాలి: శబ్దం, పొగ, రాత్రిపూట లారీలు, మంటల భద్రత. ‘ఇక్కడ కుర్చీలు ఉండొచ్చు కానీ మంచాలు ఉండకూడదు’ అనే రకం నిబంధనకు కారణం చెప్పమనండి. చాలాసార్లు ఎవరూ చెప్పలేరు.

ఇక భవనం. నా అనుభవం పనికొచ్చేది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఆఫీసు అనే దాని లోపలి రూపం ఎప్పుడూ ఒకేలా లేదు. 1950ల చివర్లో జర్మనీలో ష్నెల్ సోదరులు గోడలు తీసేసి, మొక్కలు పెట్టి, బల్లలను అటూ ఇటూ పరిచారు. 1960ల్లో అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రోప్స్ట్ పనివాడి కదలికకు స్వేచ్ఛ ఇవ్వాలని కదిపే పలకల వ్యవస్థ తయారుచేశాడు. 1968లో వచ్చిన దాని రెండో రూపాన్ని కంపెనీలు బిగించి బిగించి క్యూబికల్‌గా, అంటే మనిషికో ఇరుకు అరగా, మార్చేశాయి. తర్వాత మళ్లీ గోడలు పడ్డాయి, ఓపెన్ ఆఫీసు వచ్చింది. అందులో మనుషులు బాగా మాట్లాడుకుంటారన్నారు. 2018లో హార్వర్డ్ పరిశోధకులు బెర్న్‌స్టైన్, టర్బన్ రెండు కంపెనీల్లో కొలిచి చూస్తే, ఓపెన్‌గా మారాక ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి. జనం హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెసేజ్‌లు పంపుకున్నారు. ఇప్పుడు హైబ్రిడ్ నడుస్తోంది. అంటే డెబ్బై ఏళ్లలోపు నాలుగైదు సార్లు మారింది. మీ మాస్టర్ ప్లాన్ 20 ఏళ్లది, మీరు కట్టించే భవనం 60 ఏళ్లు నిలుస్తుంది. ఈ రోజు ఫ్యాషన్‌కు కొలత తీసి భవనం కుట్టించుకుంటే రెండోసారికే పట్టదు.

హైబ్రిడ్ పోతుందా ఉంటుందా అని అడిగారు. ఉంటుందనే నా అంచనా. దీనికి ఆధారం కేవలం ఊహ కాదు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్.కామ్ కంపెనీలో 1,612 మంది ఉద్యోగుల మీద చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. కొందరికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని, మిగతావాళ్లకు ఐదు రోజులూ ఆఫీసు. రెండేళ్లు చూసినా పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. హైబ్రిడ్ వాళ్లలో మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. మనిషిని నిలబెట్టుకునే ఇంత చవకైన మార్గాన్ని కంపెనీలు వదులుకుంటాయని నేను అనుకోను. అలాగని ఆఫీసు పోదు. వారానికి రెండు మూడు రోజులు కలవడానికి చోటు కావాలి. అయితే ఆ చోటు బల్లల వరసల్లా కాకుండా కలిసి కూర్చునే గదుల్లా ఉండాలి, తేలిగ్గా చేరుకోగలగాలి. రోజూ రావాల్సిన పని లేనప్పుడు మనిషి రెండు గంటల దూరాన్ని కూడా భరిస్తాడు, మీ పట్టణానికి ఉన్న నిజమైన అవకాశం ఇదే. నగరంలో ఉద్యోగం, మీ ఊళ్లో ఇల్లు, వారానికి రెండుసార్లు రైలు. ఈ మనిషికి మీరు ఇవ్వాల్సింది టవర్ కాదు. మిగతా మూడు రోజులు ఇరుకైన ఇంట్లో పిల్లల గోల మధ్య కాకుండా కూర్చోగలిగే ఒక మంచి గది, నమ్మకమైన ఇంటర్నెట్, కరెంటు.

ఐర్లండ్ ఈ దారిలోనే వెళ్తోంది. 2021 గ్రామీణాభివృద్ధి విధానంలో దేశమంతటా 400కు పైగా ఉమ్మడి పని కేంద్రాల నెట్‌వర్క్ లక్ష్యంగా పెట్టుకున్నారు. పశ్చిమ తీరంలో ఐరిష్ భాష మాట్లాడే మారుమూల పల్లెల్లో కూడా అలాంటి కేంద్రాలు నడుస్తున్నాయి. చిన్నవి, చాలావరకు ఉన్న భవనాల్లోనే పెట్టినవి. ఈ తరహా కేంద్రం ప్రైవేటు కోవర్కింగ్ (ఉమ్మడి ఆఫీసు స్థలాన్ని అద్దెకిచ్చే) కంపెనీకి అప్పజెబితే సరిపోదా అంటే, జాగ్రత్త. వీవర్క్ కంపెనీ భవనాలను పది పదిహేనేళ్ల లీజుకు తీసుకుని, నెలల లెక్కన అద్దెకిచ్చింది. జనం తగ్గిన రోజున అద్దె రాదు, లీజు మాత్రం కట్టాలి. 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. మీ దగ్గర పట్టణ సంస్థకే ఖాళీ భవనం ఉంటే ఆ భారం ఉండదు.

ఇప్పుడు కొలతలు. నా దగ్గరికి ఖాళీ భవనం వస్తే నేను మొదట చూసేది ఒక్కటే, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి ఎంత దూరం. పగటి వెలుతురు ఆరేడు మీటర్ల లోపలికి బాగా వస్తుంది, ఆ తర్వాత లైటు వేయాల్సిందే. మొత్తం వెడల్పు 14 నుంచి 18 మీటర్లుంటే ఆ భవనం దేనికైనా పనికొస్తుంది: ఆఫీసు, ఇల్లు, హాస్టల్, బడి, క్లినిక్. 35, 40 మీటర్ల లోతైన అంతస్తులైతే మధ్యలో చీకటి గుహ. సెంట్రల్ ఏసీ ఉన్న ఆఫీసుగా తప్ప దానికి ఇంకో బతుకు లేదు. న్యూయార్క్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన పాత ఆఫీసులు ఇళ్లుగా తేలిగ్గా మారడానికి కారణం ఇదే, ఏసీ లేని కాలంలో కిటికీయే దిక్కు. 1995లో అక్కడి దిగువ మన్‌హాటన్‌లో మొదలైన పన్ను రాయితీతో సుమారు 13,000 ఇళ్లు వచ్చాయి. అంతకు చాలా ముందు, 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ 38 అంతస్తులు నిట్టనిలువుగా లేచి వీధులకు ఎండ లేకుండా చేసినప్పుడు ఆ నగరం మరుసటి ఏడాదే జోనింగ్ నిబంధన తెచ్చింది. భవనం పైకి వెళ్లేకొద్దీ వెనక్కి జరగాలన్నది దాని సారం. జోనింగ్ తొలినాళ్ల ఆందోళనల్లో వెలుతురు ఒకటని మనం మర్చిపోయాం. రంగుల మ్యాపు ఒక్కటే గుర్తుంచుకున్నాం.

వెడల్పు తర్వాత ఎత్తు. అంతస్తు నుంచి అంతస్తుకు 3.6 మీటర్లకు తగ్గనివ్వకండి. బీములు, గాలి గొట్టాలు (డక్టులు) పోను మనిషికి గాలి ఆడాలి. మూడోది నీటి పైపుల షాఫ్టులు, అంటే పైపులు అంతస్తులన్నీ దాటి నిలువుగా వెళ్లే ఖాళీ దారులు. ఆఫీసుల్లో టాయిలెట్లన్నీ లిఫ్టు పక్కన ఒకే చోట ఉంటాయి. రేపు ఇళ్లు చేయాలంటే ప్రతి ఇంటికీ వంటగది, స్నానాల గది కావాలి. కట్టేటప్పుడే నాలుగు చోట్ల షాఫ్టు వదిలితే ఖర్చు పెద్దగా ఉండదు, తర్వాత శ్లాబు కోయాలంటే భవనం యజమానికి నిద్ర పట్టదు. నాలుగోది, తెరుచుకునే కిటికీలు. ఇవి ఎన్నో సమావేశాల్లో చెప్పాను. చదరపు అడుగు అమ్మకం లెక్కలో లోతైన అంతస్తే లాభం కాబట్టి డెవలపర్లు ఒప్పుకోరు. అందుకే ఇది నిబంధనగా రాయాలి. బతిమాలితే జరిగేది కాదు.

మార్చడం ఆలస్యమైతే ఎంత ఖరీదో కాల్గరీ చూపించింది. 2014లో చమురు ధరలు పడిపోయాక ఆ కెనడా నగరం నడిబొడ్డున ఆఫీసు స్థలంలో మూడో వంతుకు దగ్గరగా ఖాళీ అయింది. 2021లో నగరం సొంత డబ్బుతో, ఆఫీసును ఇళ్లుగా మారిస్తే చదరపు అడుగుకు 75 కెనడా డాలర్లు ఇస్తామని పథకం పెట్టింది. పథకం పనిచేస్తోంది, భవనాలు మారుతున్నాయి. నేను దాన్ని మెచ్చుకుంటాను. అయితే ఒకే పరిశ్రమను, ఒకే రకం భవనాన్ని నమ్ముకున్నందుకు ప్రజలు కట్టిన జరిమానా కూడా అదే.

పార్కింగ్ సంగతి క్లుప్తంగా. ఒక కారుకు దారితో కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. ఆఫీసులో ఒక మనిషికి పది చదరపు మీటర్లు సరిపోతాయి. మనిషికో కారు లెక్కన నిబంధన పెడితే మీరు కట్టించేది కారు షెడ్డు, దానికి ఆనుకుని కాస్త ఆఫీసు. అమెరికాలో బఫలో నగరం 2017లో కనీస పార్కింగ్ షరతును నగరమంతటా ఎత్తేసింది. మీరు కనీసం స్టేషన్ చుట్టూ ఎత్తేయండి.

లండన్‌లోని కానరీ వార్ఫ్ లాంటి ఉదాహరణను మీ పైవాళ్లు తప్పక తెస్తారు: ఖాళీ రేవుల్లో టవర్లు కట్టారు, బ్యాంకులు వచ్చాయి కదా అని. మొత్తం కథ చెప్పండి. 1981లో అభివృద్ధి సంస్థ వచ్చింది, పన్ను రాయితీలు ఇచ్చారు, 1991లో పెద్ద టవర్ పూర్తయింది. మరుసటి ఏడాదే, దాన్ని కట్టిన ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ కుప్పకూలింది. అప్పటికి అక్కడికి చిన్న రైలు తప్ప సరైన మెట్రో లేదు. జూబ్లీ లైన్ 1999 చివర్లో వచ్చాకే అది నిలబడింది. అదీ లండన్ నడిబొడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో. 2023లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు అక్కడి తన టవర్‌ను వదిలి, సిటీ అని పిలిచే లండన్ పాత వ్యాపార ప్రాంతంలో చిన్న చోటుకు వెళ్తున్నట్టు ప్రకటించింది. అంత డబ్బు, అంత పెద్ద నగరం వెనక ఉన్నా ఇన్ని ఒడిదుడుకులు వచ్చాయి. మీ పట్టణం ఒక్క దెబ్బను కూడా తట్టుకోలేదు.

మీ స్థానంలో ఉంటే నేను చేసే పని ఇది. అంచున ఉన్న ఆ స్థలాన్ని ఇప్పుడు ముట్టుకోను. భవిష్యత్తు అవసరానికని వదిలేస్తాను. ఒక నెల పాటు స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్న ప్రతి ఖాళీ భవనాన్నీ, సగం ఖాళీ మేడనూ టేపు పట్టుకుని కొలుస్తాను: వెడల్పు, ఎత్తు, కిటికీలు, మెట్లు, యజమాని ఎవరు. ఆ ప్రాంతమంతటికీ ఒకే మిశ్రమ జోన్ రాస్తాను, హాని చేసేవాటి చిన్న జాబితా పెట్టి మిగతావన్నీ అనుమతి లేకుండా మారవచ్చంటాను. మంటల భద్రతలో మాత్రం ఒక్క మెట్టు తగ్గను. కొత్త భవనాలకు వెలుతురు, ఎత్తు, షాఫ్టుల నిబంధన పెడతాను. పట్టణ సంస్థకు చెందిన ఒక భవనాన్ని ఎంచుకుని నలభై యాభై మంది కూర్చునే ఉమ్మడి కేంద్రంగా తెరుస్తాను, నిండితే రెండోది.

ఇంకో పని ఉంది, ప్రణాళికా విభాగాలు దీన్ని తమదిగా భావించవు. ఇప్పటికే నగరంలో ఉద్యోగం చేస్తూ మీ ఊళ్లో ఉంటున్నవాళ్లు ఎంతమంది? ఉదయం మొదటి రైలు దగ్గర వారం రోజులు నిలబడి అడగండి. వారానికి ఎన్ని రోజులు వెళ్తున్నారు, మిగతా రోజులు ఎక్కడ కూర్చుంటున్నారు, ఏ సౌకర్యం ఉంటే ఇంకో రోజు ఇక్కడే ఉంటారు. నేను ఈ ప్రశ్న మొదటిసారి అడిగినప్పుడు ఎక్కువమంది అద్దె గురించి మాట్లాడలేదు. పిల్లలను చూసుకునే కేంద్రం ఆఫీసు పక్కనే కావాలన్నారు. మా పాత జోనింగ్‌లో ఆ రెండూ ఒకే వీధిలో ఉండటానికి వీల్లేదు.

పైవాళ్లకు చూపించడానికి నివేదిక రాసేటప్పుడు టవర్‌కు వ్యతిరేకం అని రాయకండి. ముందు గదులు నింపి చూపిస్తాం, నిండితే కడదాం అని రాయండి. డబ్బు ఇచ్చేవాళ్లు కూడా నిండిన గదులనే నమ్ముతారు. కొలతల పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి. భవనానికి ఒక వరుస చాలు: వెడల్పు, అంతస్తు ఎత్తు, కిటికీలు ఎన్ని వైపులున్నాయి, మెట్లు ఎన్ని. ఏది ముందు తెరవాలో, దేన్ని వదిలేయాలో కూర్చుని చూసి చెప్తాను.